మాట ఎవరిది?

నవల సినిమా అయినప్పుడు సంభాషణలు కుదించుకుపోవడం సహజం. ఒక పాత్ర మాట మరో పాత్రకు బదిలీ కావడం అంతకంటే కీలకమైన మార్పు.

టోల్కిన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడో సంపుటం (1955)లో ఎయోవిన్ యుద్ధంలో దెబ్బతిని స్పృహ లేకుండా ఉంటుంది. ఆమె అన్న ఎయోమెర్‌కు గాండాల్ఫ్ ఒక నిజం చెబుతాడు. అన్నకు గుర్రాలూ యుద్ధాలూ దక్కాయి. అంతే ధైర్యమున్న చెల్లెలికి వృద్ధుడైన మేనమామ సేవే దక్కింది. ఒంటరి రాత్రుల్లో ఆమె చీకటితో ఏం మొరపెట్టుకుందో ఎవరికి తెలుసునంటాడు.

పీటర్ జాక్సన్ రెండో చిత్రం (2002)లో ఆ ఒంటరి రాత్రుల మాటలు ద్రోహి వర్మ్‌టంగ్ నోట వినిపిస్తాయి. ఆమెను లొంగదీసుకోవడానికి అతడు వాటిని వాడుకుంటాడు. వాటి ప్రాచీన గాంభీర్యం దాదాపు చెక్కుచెదరలేదు. వర్మ్‌టంగ్ విషం ఆమె చెవికీ చేరిందని గాండాల్ఫే సూచించాడు కనుక, మార్పుకు నవలలో ఆధారమూ ఉంది. పైగా సినిమాలో ఆమె ఆ మాటలు స్వయంగా విని తిప్పికొడుతుంది. అది నాటకీయంగా లాభమే.

నష్టం వేరేచోట జరిగింది. నవలలో ఆ మాట ఇంటి మగవాడిని బోనెక్కించింది. సినిమాలో అది దుర్మార్గుడి ఎత్తుగడ అయింది. పంజరమే తన భయమని ఎయోవిన్ అరగార్న్‌తో చెప్పడాన్ని చిత్రం నిలుపుకుంది. ఆ పంజరం నీ ఇంటిదేనన్న సంగతి మాత్రం అన్న చెవిన పడలేదు.