ఎర్ర పెట్టెలో తెల్ల అక్షరం: ఒక వస్త్రచిహ్నం, ఒక అనుకరణ సమస్య

నూలు ఒకటే, కుట్టు ఒకటే, కొలత ఒకటే అయిన రెండు టీషర్టుల వెలలో ఎన్నో రెట్ల తేడా కనిపిస్తే, అందుకు కారణం చాలాసార్లు ఛాతీ మీది అక్షరాలే. గ్రాఫిక్ రూపకల్పన, స్వతంత్ర వస్త్ర సంస్థల వ్యాపారం కలిసే చోటు అది. ఆ కలయికను గురించిన చర్చల్లో న్యూయార్క్ సంస్థ సుప్రీమ్ ప్రస్తావన తప్పక వస్తుంది. అయితే చర్చ ఎక్కువగా దాని గిరాకీ చుట్టూ తిరిగి, ఆ చిహ్నం ఎవరి దృశ్యభాష అన్న ప్రశ్న వెనకబడిపోతుంది.

1994లో జేమ్స్ జెబియా మాన్‌హాటన్‌లోని లఫాయెట్ వీధిలో స్కేట్‌బోర్డు యువకుల కోసం ఈ దుకాణం తెరిచారు. ఎర్రని దీర్ఘచతురస్రంలో పక్కకు వాలిన తెల్లని ఫ్యూచురా అక్షరాలు దాని గుర్తు. ఆ పొందిక అప్పటికే బార్బరా క్రూగర్‌ది. పత్రికల పుటలు అమర్చే పనిలో చేయి తిరిగిన ఈ కళాకారిణి, 1980ల నుంచి నలుపు తెలుపు ఛాయాచిత్రాల మీద ఎర్ర పట్టీల్లో అవే అక్షరాలను పొదిగి, కొనుగోలు వ్యామోహాన్నీ స్త్రీ శరీరం మీది అధికారాన్నీ ప్రశ్నించారు. అక్షరరూపం మాత్రం ఆమె సొంతం కాదు. జర్మన్ రూపశిల్పి పాల్ రెన్నర్ 1927లో లోకానికిచ్చినది. అమెరికా చట్టం అక్షరాల ఆకృతికి కాపీరైట్ ఇవ్వదు. కనుక చౌర్యమని తేల్చి ఊరుకోలేం.

ఇక్కడ మన అలంకారశాస్త్రం అక్కరకొస్తుంది. కవుల మధ్య కనిపించే సామ్యాన్ని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగో ఉద్ద్యోతంలో మూడు విధాలన్నాడు: ప్రతిబింబం వంటిది, చిత్తరువు వంటిది, పోలికలున్న ఇద్దరు మనుషుల వంటిది. మొదటిదానికి వేరే ఆత్మ లేదు. రెండోదానిది తుచ్ఛమైన ఆత్మ. మూడోదానికి తనదైన ఆత్మ ఉంది కనుక కవి దాన్ని విడువనక్కరలేదు. సుప్రీమ్ చిహ్నం కంటికి ప్రతిబింబమే. ఆత్మ మాత్రం పూర్తిగా విరుద్ధం. క్రూగర్ పట్టీ కొనేవాణ్ణి నిలదీస్తుంది. సుప్రీమ్ పట్టీ అతణ్ణి వరుసలో నిలబెడుతుంది. ఆ లెక్కన మూడో తరగతి దక్కాలి. నాకది సమ్మతం కాదు. పట్టీకి పదునిచ్చిన నిరసన ఇక్కడ తొలగిపోయింది; దాని ధిక్కారపు వాసన మాత్రం మిగిలి సరుకుకు విలువ తెచ్చింది. కొత్త ఆత్మ పాతదాని మీద ఆధారపడి బతుకుతోంది. తొలినాళ్లకు ఒక మినహాయింపు ఇవ్వాలి. కేట్ మాస్ ఉన్న కెల్విన్ క్లైన్ ప్రకటనల మీద ఆ స్టిక్కర్లు వెలిసినప్పుడు, అది క్రూగర్ పద్ధతికి చాలా దగ్గరి చర్య.

అసలు పరీక్ష 2013లో ఎదురైంది. లియా మెక్‌స్వీనీ స్థాపించిన ‘మ్యారీడ్ టు ద మాబ్’ అనే చిన్న మహిళా వస్త్ర సంస్థ, అదే ఎర్ర పెట్టెలో సుప్రీమ్ పేరు పక్కన ఆడవారిని తిట్టే మాటొకటి చేర్చి, స్కేట్‌బోర్డు లోకపు పురుషాహంకారాన్ని ఎగతాళి చేసింది. సుప్రీమ్ కోటి డాలర్లకు దావా వేసింది. అరువు తెచ్చుకున్న రూపం మీద యాజమాన్యం! ఆనందవర్ధనుడి కొలతతో చూస్తే మెక్‌స్వీనీ చొక్కాకే మూడో తరగతి దక్కుతుంది; దానికి సొంత గొంతు ఉంది, పైగా ఆ గొంతు క్రూగర్‌కు సన్నిహితం. వ్యవహారం రాజీతో ముగిసింది. క్రూగర్ మాత్రం ఒక పత్రికకు పంపిన చిన్న స్పందనలో ఆ గొడవ మొత్తాన్నీ వెక్కిరించారు.

2017 నవంబరులో, న్యూయార్క్ పెర్ఫార్మా ఉత్సవంలో ఆమె స్వయంగా ఒక దుకాణం పెట్టి తన అక్షరాలున్న హుడీలు, టోపీలు, స్కేట్‌బోర్డులు అమ్మారు. జనం వరుస కట్టారు. వ్యంగ్యం అర్థమవుతుంది గానీ, కొన్నవాడి భుజాన పడ్డాక ఆ హుడీ కూడా హుడీయే. అదే ఉత్సవానికి 50,000 మెట్రో కార్డుల మీద ముద్రించిన ఆమె ప్రశ్నలు నాకు ఎక్కువ పదునుగా తోస్తాయి. ఆ ఏడాదే ఫిబ్రవరిలో సుప్రీమ్ తన పేరున్న మెట్రో కార్డులు విడుదల చేస్తే స్టేషన్లలో జనం ఎగబడ్డారు. క్రూగర్ జవాబు అదే కార్డు మీద, రైలెక్కే మామూలు ప్రయాణికుడి జేబులోకి చేరింది.

2020లో వి.ఎఫ్. కార్పొరేషన్ 210 కోట్ల డాలర్లకు సుప్రీమ్‌ను కొన్నది. 2024లో కళ్లద్దాల సంస్థ ఎసిలోర్‌లక్సోటికాకు 150 కోట్లకు అమ్మింది. రెండుసార్లూ చేతులు మారిన ఆస్తిలో ఆ ఎర్ర పెట్టె ఉంది. క్రూగర్ ఏ ఒప్పందంలోనూ పక్షం కాదు.