గుర్రం అడిగే నేల

ఆదివారం పేపర్ విప్పగానే రంగుల కరపత్రం ఒకటి ఒళ్ళో పడింది. మెదక్ రోడ్డు పక్కన ఫామ్ ప్లాట్లు, 20 గుంటల నుంచి మొదలు. క్లబ్ హౌస్, మామిడి మొక్కలు, వాటి నడుమ జూలు ఎగరేస్తూ ఒక తెల్లగుర్రం. గుంటల ప్లాట్లంటే నాకెంత మంటో ఈ కాలమ్ చదివేవాళ్ళకు తెలుసు. శనివారం వచ్చి, ఆదివారం గేటుకు తాళం వేసి వెళ్ళిపోయే ఆసాముల గురించి మళ్ళీ రాస్తే మీకే విసుగు. అందుకని ఊరుకున్నాను. మధ్యాహ్నం మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేయకపోతే ఈ వారం మరేదో రాసేవాణ్ణి.

"మామా, మీ దిక్కు రెండెకరాలు తీసుకుందామనుకుంటున్న. చిన్న ఇల్లు, రెండు గుర్రాలు."

"గుర్రమెక్కుడు వచ్చారా నీకు?"

"ఏడాది సంది నేర్చుకుంటున్న. కాలువ కింద ఒక పొలం చూసిన. పచ్చగ కండ్లు చల్లబడ్డయి."

అక్కడే వచ్చింది తంటా. కళ్ళు చల్లబడేది వాడికి. గుర్రం నేలను చూసేది కాళ్ళతో.

ఘనపురం ఆనకట్ట కింద వరి పండే నేల గురించి మెదక్ వాళ్ళకు నేను చెప్పేదేముంది? 1905లో మంజీరకు అడ్డంగా కట్టారు. ఫతే నహర్, మహబూబ్ నహర్ అని రెండు కాలువలు. ఆ తడి వరికి ప్రాణం, గిట్టకు గండం. గుర్రపు గిట్టను ఎత్తి అడుగు చూస్తే నడుమ మెత్తగా, తోలులాగా ఒక త్రికోణం ఉంటుంది. దాని రెండు పక్కలా గాడి. వారాల తరబడి బురదలో నిలబడితే ఆ గాడిలో కుళ్ళు పడుతుంది. కొక్కెంతో గీస్తే నల్లటి ముద్ద ఊడొస్తుంది, ఆ కంపు చేతిని ఒక పట్టాన వదలదు. ఇక నల్లరేగడి అయితే వానాకాలం బంక, ఎండాకాలం అరికాలు దిగబడేంత నెర్రెలు. పరుగెత్తే జంతువు కాలు నెర్రెలో పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మహబూబ్ నహర్ అన్నాను కదా, ఆ పేరు తలిస్తే నా కలం పక్కదారి పట్టకుండా ఉండదు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషాకు గుర్రాలంటే మోజు. గుర్రప్పందేలు మౌలాలి నుంచి మలక్‌పేటకు మారింది 1886లో, ఆయన హయాంలోనే. కానీ మన పల్లెల్లో ముసలివాళ్ళు ఆయన్ని తలుచుకున్నది పందేలకు కాదు, పాముకాటుకు. కాటు పడితే పాషా పేరు చెప్పి దుహాయి అనేవాళ్ళు. ఆయనకు విషం దించే మహిమ ఉందనీ, అర్ధరాత్రయినా సరే, కాటు తిన్నవాడొస్తే తనను నిద్ర లేపమన్నాడనీ చెప్పుకునేవాళ్ళు. మహిమ సంగతి పక్కన పెడదాం. ఇవాళ నాట్లప్పుడు పాము కరిస్తే ఆస్పత్రిలో ఎక్కించే మందు మాత్రం వచ్చేది గుర్రం రక్తం నుంచే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషాన్ని కొద్దికొద్ది మోతాదుల్లో గుర్రాలకు ఎక్కిస్తారు. వాటి ఒంట్లో విరుగుడు పుడుతుంది. రక్తం తీసి, అందులోంచి దాన్ని వేరుచేసి సీసాల్లోకి ఎత్తుతారు. మెదక్‌లో గుర్రమేంటి, ఇది వరి దేశం కదా అని ముక్కు విరిచేవాళ్ళు, పొలంలో చెప్పుల్లేకుండా దిగే మన కూలీలు ఎవరి దయతో ఇంటికొస్తున్నారో కూడా లెక్కలో వేసుకోవాలి.

సరే, మేనల్లుడి దగ్గరికి వద్దాం. వాడి రెండో ధీమా మేత. "వరిగడ్డి మీ దగ్గర కుప్పలే కదా మామా" అన్నాడు. బర్రెకు నాలుగు అరల కడుపు ఉంది, నెమరేసుకుంటుంది, వరిగడ్డితోనూ బతుకుతుంది. గుర్రానికి ఆ సౌకర్యం లేదు. కక్కుకోవడం కూడా దానికి చేతకాదు, కడుపులో తేడా వస్తే శూలతో నేల మీద పడి పొర్లుతుంది. పోనీ ఇప్పుడందరూ వేస్తున్న సూపర్ నేపియర్ పెడదామా అంటే, అందులోని ఆగ్జలేట్లు కాల్షియాన్ని ఒంటికి అందనివ్వవు. నెలల తరబడి అదే మేపితే దవడ ఎముకలు ఉబ్బుతాయి. మరి దానికి ఇష్టమైనదేది? మనం కలుపని పీకి గెట్టు మీద పారేసే గరిక! నాలుగు వందల కిలోల గుర్రానికి రోజుకు ఎనిమిది కిలోల ఎండుగడ్డి కావాలి. రెండింటికి ఏడాదికి దాదాపు ఆరు టన్నులు. రెండెకరాల్లో ఇల్లు, బావి, సాల పోగా మిగిలిన గరిక ఇందులో ఏ మూలకూ రాదు. మిగతాది కొనాల్సిందే, వానలో తడవకుండా దాచే కొట్టం కూడా కట్టాల్సిందే.

లాడాల సంగతి అడిగితే నీళ్ళు నమిలాడు. చర్చి కట్టించిన పోస్నెట్ దొర ఇటు వచ్చిన రోజుల్లో హైదరాబాద్ నుంచి మెదక్‌కు గుర్రం మీద రెండు రోజుల ప్రయాణం. అప్పట్లో దారిలో ఎక్కడ ఆగినా లాడం కొట్టేవాడు దొరికేవాడేమో. ఇప్పుడు ఆరేడు వారాలకోసారి ఆ మనిషిని నగరం నుంచి కారెక్కించి తేవాలి.

ఇదంతా చెప్పింది వాణ్ణి భయపెట్టి పంపేద్దామనే. కానీ చెబుతుంటే నాకే ఇంకోటి తోచింది. గుర్రం ఉన్నవాడు ఆదివారం గేటుకు తాళం వేసి పోలేడు. రోజుకు మూడు పూటలు మేత, ముప్పై లీటర్ల నీళ్ళు, సాయంత్రం గిట్టలు చూడటం. మనిషి అక్కడుండి తీరాలి. ముళ్ళతీగ కట్టలేడు, బెదిరిన గుర్రం దాంట్లో పడి తొడలు చీరుకుంటుంది. దడికి కర్రలే గతి. వరి మడి వాడికొద్దు. వాడికి కావాల్సింది వాన వెలిసిన గంటకే నీళ్ళు దిగిపోయే ఎర్రచెలక, అదీ ఏ రైతూ మోజు పడనిది. ఇన్నేళ్ళుగా నేను తిడుతూ వచ్చిన కొనుగోలుదారుల్లో ఊరికి తక్కువ నష్టం చేసేవాడు వీడేనేమో!

ఒకటే చిక్కు. అట్లాంటి చెలకల్లో కొన్ని బీదలకిచ్చిన అసైన్డ్ భూములు. 1977 చట్టం ప్రకారం వాటిని అమ్మకూడదు, కొనకూడదు. చౌకగా వస్తోందని బ్రోకర్ తొందరపెడితే అనుమానించాల్సింది ముందు అక్కడే. పాత పహాణీలు తీయించి చూడాలి. పట్టా భూమే అని తేలాక కూడా బేరం భాద్రపదం దాకా ఆపమన్నాను. ఎండాకాలంలో ఏ నేలైనా గట్టిగానే కనిపిస్తుంది. ముసురు పట్టిన మూడో రోజు వచ్చి, చెప్పులు విడిచి ఈ గెట్టు నుంచి ఆ గెట్టుకు నడవాలి. మడమ దిగిన చోట గుర్రాన్ని నిలపకూడదు.

"అప్పటిదాకా ఎవరన్న కొనేస్తే మామా?"

"కొననీ. వాళ్ళకు గుర్రాలు లేవు కద."

నవ్వలేదు వాడు. సర్వే నంబర్ వాట్సాప్ చేశాడు. సోమవారం తహసీల్దార్ ఆఫీసుకు పోవాలి.