రాయి దొరికింది ఎవరికి?

మా కపిలేశ్వరపురం కుర్రాళ్లు నలుగురు ఆ మధ్య ఒక రాయి తెచ్చి నా ముందు పెట్టారు. కాలవ పూడిక తీస్తుంటే దొరికిందంట. మూడు మూలలు, ఒక పక్క వాడి. "అన్నా, ఇది పాతకాలం బాణం మొనే కదా? మనోళ్లదే కదా?" అని అడిగారు. కాదని చెప్పాల్సి వచ్చింది. అది రోడ్డుకి పోసే నల్లకంకర ముక్క. గౌతమి ఒడ్డున మనది ఒండ్రు నేల. ఈ పైమట్టి అంతా గోదావరి తెచ్చి పోసిందే. ఇక్కడ చేలో రాయి పుట్టదు. కనబడిందంటే ఎవరో మోసుకొచ్చారన్నమాట, సన్నికల్లుగానో, రోలుగానో, కంకరగానో. ఆ మోసినవాళ్లు మాత్రం చాలామట్టుకు మనోళ్లే.

కుర్రాళ్ల మొహాలు చిన్నబోయాయి. వాళ్ల రెండో ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

రాతియుగం పనిముట్లు కావాలంటే నదికి ఎదురు నడిచి, రాయీ గులకా ఉన్న మెట్టకి చేరాలి. దిగువ గోదావరి ప్రాంతంలో దొరికిన చిన్నరాతి పనిముట్ల మీద ఎల్.ఎ. కమియాడ్ 1924లోనే 'మ్యాన్ ఇన్ ఇండియా' పత్రికలో రాశాడు. వాటిని 'పిగ్మీ' పనిముట్లు అన్నాడు. ఆనాటి పండితుల మాట అదే. ఆఫ్రికాలో పొట్టిగా ఉండే జనాలకి తెల్లవాళ్లు తగిలించిన పేరు రాయికీ తగిలింది. తర్వాత మనవాళ్లు 'సూక్ష్మ శిలా పరికరాలు' అన్నారు. చిన్నరాతి పనిముట్లు అంటే ఏం పోయిందో!

బాణం మొన అనగానే సినిమా బాణం కళ్ల ముందు కడుతుంది. మన దగ్గర దొరికేవి ఎక్కువగా అలా ఉండవు. చెకుముకి, అగేటు, పలుగురాయితో చేసిన గోరంత నెలవంకలు, ముక్కోణాలు, సన్నటి బద్దలు. వెన్ను మొద్దుగా చెక్కి, రెండో అంచు పదునుగా వదిలి, జిగురుతో కర్రకో ఎముకకో అతికించేవారు. ఒకటి బాణానికి ముల్లు అయ్యుండొచ్చు. నాలుగైదు వరసన పెడితే కత్తో కొడవలో అయ్యుండొచ్చు. ఒంటరిగా దొరికినదాన్ని బాణం అనేయడం తొందరపాటు. మనిషి కొట్టిన పెచ్చుకి దెబ్బ పడినచోట కింద చిన్న ఉబ్బు ఉంటుంది, దాన్నుంచి నీటి అలల్లా గీతలు సాగుతాయి. కంకర మరలో నలిగిన రాయికీ ఆ ఉబ్బు రావచ్చు. నాగలి తగిలినా, ఎద్దు గిట్ట పడినా అంచు చెక్కినట్టే పగులుతుంది. కాకపోతే ఆ పగుళ్లకి వరస ఉండదు, కొత్త పగులు రంగు కూడా వేరు. అందుకే చుట్టూ వెతకాలి. పెచ్చులు తీయగా మిగిలిన గడ్డ, వృథాగా రాలిన తునకలు కనిపిస్తే అక్కడ కూర్చుని ఎవరో పని చేశారని నమ్మొచ్చు.

ఆ పని సంగతి సరే. దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చిన పని సంగతేమిటి? 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ మద్రాసు దగ్గర పల్లావరంలో కంకర గొయ్యి దగ్గర రాతి పనిముట్టు చూశాడు. భారతదేశ పూర్వ చరిత్ర అక్కడే మొదలైందని ప్రతి పుస్తకమూ చెబుతుంది. ఆ గొయ్యి తవ్విందెవరు? ఆయన పోగుచేసినవి 1904లో మద్రాసు మ్యూజియంకి అమ్మాడు. 1914లో వచ్చిన కేటలాగులో ఊరి పేరుంటుంది, నంబరుంటుంది, రాయి రకం ఉంటుంది. మొత్తానికి పేరు 'ఫుట్ సేకరణ'. కర్నూలు సీమ జ్వాలాపురంలో టోబా అగ్నిపర్వతం బూడిద పైనా కిందా పనిముట్లు దొరికాయని 2007లో లోకమంతా చదివింది. అక్కడే రాతి చాటున దొరికిన చిన్నరాతి పనిముట్లు 35 వేల ఏళ్ల నాటివని 2009లో వెలువడింది. ఆ బూడిద పొర కంటపడింది అమ్మకానికి తవ్విన గోతుల్లో. పలుగూ పారా పట్టినవాళ్లు వ్యాసకర్తల జాబితాలోకి రారు. 'ఉపరితల సేకరణ' అనే రెండు మాటల్లో దుక్కి, కలుపు, మేత, తవ్వకం అన్నీ మాయమైపోతాయి.

విచిత్రమేమంటే, చట్టం ఈ విషయంలో చదువుకన్నా నయం. 1878 నిక్షేపాల చట్టం దొరికించుకున్నవాణ్ణీ భూమి యజమానినీ వేరువేరుగా గుర్తించింది. యజమాని హక్కు రుజువై, ఇద్దరి మధ్యా ఒప్పందం లేకపోతే నాలుగింట మూడు వంతులు దొరికించుకున్నవాడికే అంది. తెల్లదొరలకి కూలోడి మీద ప్రేమ కాదు, దాచేస్తాడని భయం. అయినా ఆ మనిషి ఉన్నాడని కాగితం మీద ఒప్పుకున్నారు.

ఇక మన వైపు చూద్దాం. 'రాళ్లు మావే, మేమే మూలవాసులం' అనే మాట మన సభల్లో వినబడుతూనే ఉంది. ఫూలే 1873లో 'గులాంగిరి' రాసినప్పుడు ఆ వాదం ఒక ఆయుధం. కానీ అంబేద్కర్ 1948 నాటి 'అంటరానివాళ్లు' పుస్తకంలో జాతి సిద్ధాంతాన్ని తోసేశారు. ముక్కుల కొలతలు తీసుకుని మరీ తోసేశారు. అంటరానితనం క్రీ.శ. 400 ప్రాంతంలో పుట్టిందన్నారు. అలాంటప్పుడు 35 వేల ఏళ్ల రాయి చేత మాలా మాదిగా అని ఎలా పలికిస్తాం? రాయిలో రక్తసంబంధం వెతకడం అగ్రకులపోళ్లు ఆర్యుల ఎముకల్లో వెతికే పని లాంటిదే. కుర్రాళ్లకి ఇది రుచించలేదు. నాకూ మొదట రుచించలేదు.

రాయి ఎవరి కాళ్ల కిందకొచ్చింది, ఎవరి చేతికందింది, ఎవరి పేరు మీదికెళ్లింది అన్నది మాత్రం రుజువు చేయగలిగిన కుల చరిత్ర. కాబట్టి మెట్ట సీమల్లో తిరిగే మన విద్యార్థులకి ఒక మాట. రాయిని కడగొద్దు. సర్వే నంబరు, లోతు, పక్కనున్న తునకలు రాయండి. నేల ఎవరిదో, దున్నింది ఎవరో విడివిడిగా రాయండి. ఎత్తిన మనిషిని అడిగి పేరు రాయండి. చాలామంది వద్దంటారు. ఆఫీసర్లొచ్చి తవ్వకం ఆపితే రేపు కూలి ఉండదని, కామందు కోప్పడతాడని భయం. ఆమె వద్దంటే పేరు వదిలేయండి, ఎందుకు వద్దందో ఆ కారణం రాయండి.