వేడి ఎటు పోతోంది?

మా చిన్నప్పుడు టీవీలో బొమ్మ పోతే పక్కన ఒక్కటి తగిలించేవాళ్లం. బొమ్మ వచ్చేసేది. ఆ దెబ్బకు అదెందుకు లొంగేదో, విజయవాడలో ఒక రిపేరు షాపులో పనికి కుదిరాకే తెలిసింది. తెర మధ్యలో ఒక్క తెల్లగీత మిగిలిన టీవీ వచ్చిందో రోజు. బొమ్మను తెర మీద నిలువుగా పరిచే వర్టికల్ ఐసీ పోయిందనుకుని కొత్తది తేవడానికి లేచాను. "ఆగరా, ముందు బోర్డు తిప్పి చూడు" అన్నారు మా గురువుగారు. భూతద్దంలో చూస్తే ఐసీ కాలు చుట్టూ వెంట్రుకంత సన్నని నల్ల వలయం. రోజూ వేడెక్కడం, చల్లారడం, మళ్లీ వేడెక్కడం. ఏళ్ల తరబడి అలా జరిగి అతుకు చిట్లింది. డ్రై సోల్డర్ అంటాం. దెబ్బ కొడితే ఆ చిట్లిన అంచులు మళ్లీ తాకేవి, అంతే.

నేను దాని మీద ఇంకాస్త లెడ్ పోశాను. సోల్డర్‌ను షాపుల్లో అలాగే అంటాం. వారం తిరక్కుండా టీవీ వెనక్కొచ్చింది.

అతుకు నిలవకపోతే లెడ్ చాలలేదనుకోవడం ఈ పనిలో అందరం చేసే తప్పు. చాలనిది దాదాపు ఎప్పుడూ వేడి, కాకపోతే శుభ్రత. రాగి మీద ఆక్సైడ్ పొర ఉంటే తగరం దాన్ని అంటదు. తామరాకు మీద నీటిబొట్టులా ముద్దకట్టి కూర్చుంటుంది. పైకి అతుకులాగే కనిపిస్తుంది కూడా, అదే ప్రమాదం. ఆ పొరను తీసేసేది ఫ్లక్స్. గిన్నెలకు కళాయి పూసేవాళ్లు బాగా కాగిన ఇత్తడి గిన్నెలో నవాసాగరం చల్లి, పొగ లేస్తుండగా తగరం రుద్దేవాళ్లు, గుర్తుందా? అక్కడ నవాసాగరం చేసిన పనే మా బల్ల మీద ఫ్లక్స్ చేస్తుంది. పాత లెడ్ పీల్చేసి, కాలు గీకి, ఫ్లక్స్ రాసి మళ్లీ వేస్తే ఆ టీవీ ఇక తిరిగి రాలేదు.

తర్వాత చాలా ఏళ్లకు నేను చేసిన పొరపాటు ఇంకా బాధిస్తుంది. ఒక కస్టమర్ పవర్ సప్లై బోర్డులో ఉబ్బిన కెపాసిటర్ తీయాలి. గ్రౌండ్ వైపు కాలు ఎంతకీ కరగలేదు. ఆ కాలు వెడల్పాటి రాగి పొరకు కలిసి ఉంది. నేనిచ్చే వేడినంతా ఆ పొర లాగేసుకుంటోంది. అది ఆలోచించకుండా, సన్నటి మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్‌ను 450 డిగ్రీలకు పెంచి అదిమి పట్టాను. కాలుతో పాటు అది అతుక్కునే రాగి ప్యాడ్ కూడా ఊడి వచ్చింది. వైరు ముక్కతో జంపర్ వేసి, జరిగింది కస్టమర్‌కు చెప్పి ఇచ్చాను.

అక్కడ కావలసింది వెడల్పాటి మొన, కింద నుంచి బోర్డుకు కాస్త వెచ్చదనం, ఇంకా పాత అతుకు మీద కొత్త లెడ్. తీయడానికి వచ్చి పోయడమేమిటనిపిస్తుంది, కానీ ముల్లును ముల్లుతోనే తీయాలి. యూరప్ 2006 జూలై 1 నుంచి సీసానికి అడ్డుకట్ట వేశాక చాలా బోర్డుల్లో సీసం లేని సోల్డరే వస్తోంది. అది కరగాలంటే 217 డిగ్రీలైనా దాటాలి. తగరం, సీసం కలిసిన మన పాత 63/37 తీగ 183కే కరుగుతుంది. రెండూ కలిస్తే మొండి అతుకు మెత్తబడుతుంది, అప్పుడు సోల్డర్‌ను పీల్చే రాగి అల్లిక, విక్‌తో లాగేయొచ్చు.

చిన్న రెసిస్టర్లు ఒక కొస మీద నిటారుగా లేచి నిలబడటం వెనకా తరచూ ఈ వేడి కథే. ఒకవైపు ప్యాడ్ ముందు కరిగి, ఆ తగరం బిగువు రెండో కొసను పైకి లేపేస్తుంది. ఐరన్ పట్టే ముందు నేనిప్పుడు రాగి దారులు చూస్తాను, వేడి ఎటు పారిపోతుందో అని.

మీ ఇంట్లో పాడైన రేడియో, సెట్‌టాప్ బాక్సు బోర్డులుంటే పాత సామాన్ల బండికి వేయకండి. పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకివ్వండి. మొదటి వంద అతుకులు ఎవరికైనా చెడిపోతాయి. అవి కస్టమర్ బోర్డు మీద చెడిపోకూడదు.