ఏ ర్యామ్ స్టిక్కు పీకాలి?

సర్వర్ మెమరీలో ఒక బిట్ సున్నా నుంచి ఒకటికి తిరగబడినా పని ఆగదు. ఈసీసీ మెమరీ ప్రతి 64 బిట్ల సమాచారానికి 8 తనిఖీ బిట్లు చేర్చి 72గా దాచుకుంటుంది. ఒక్క బిట్ తప్పితే హార్డ్‌వేరే దిద్దేస్తుంది. రెండు తప్పితే దిద్దలేదు, కానీ తప్పు జరిగిందని పట్టుకుంటుంది. దిద్దిన దాన్ని సీఈ అనీ, దిద్దలేని దాన్ని యూఈ అనీ ఆ పనిలో ఉన్నవాళ్ళు అంటారు. 1950లో బెల్ ల్యాబ్స్ నుంచి రిచర్డ్ హామింగ్ ప్రచురించిన ఆలోచనే దీనికి మూలం. దిద్దుబాటు గణితం గురించి చాలామంది రాశారు. ఆ దిద్దిన తప్పును లినక్స్ కెర్నల్ మనిషికి ఎలా చెబుతుందన్నది ఎవరూ అంతగా పట్టించుకోరు. నాకు ముచ్చట గొలిపింది ఆ భాగమే.

దిద్దేశాక ఇంకా చెప్పడం దేనికి? గూగుల్ సర్వర్ల మీద జరిపిన అధ్యయనం ఒకటి 2009లో వెలువడింది. ఏడాది కాలంలో 8 శాతానికి పైగా డిమ్‌లలో, అంటే మనం ర్యామ్ స్టిక్కులనే వాటిలో, దిద్దగల తప్పులు కనిపించాయని అది తేల్చింది. ఒకసారి తప్పిన స్టిక్కు అదే నెలలో మళ్ళీ తప్పే అవకాశం, తప్పని స్టిక్కుతో పోలిస్తే, యంత్రం రకాన్ని బట్టి 13 నుంచి 228 రెట్లు ఎక్కువ. అంటే చాలావరకు ఇవి దారినపోయే కణం తగిలి వచ్చే పొరపాట్లు కావు, స్టిక్కులో ఉన్న జబ్బుకు లక్షణాలు. ఏ స్టిక్కో ముందే తెలిస్తే యూఈ వచ్చి యంత్రం కూలకముందే మార్చేయవచ్చు.

ఆ ‘ఏ స్టిక్కో’ చెప్పడమే కష్టం. ప్రాసెసర్ దగ్గర ఉండేది ఒక భౌతిక చిరునామా, కొన్ని రిజిస్టర్ల నిండా అంకెలు. మెమరీ కంట్రోలర్ వేగం కోసం పక్కపక్క చిరునామాలను వేర్వేరు చానళ్ళకు, వేర్వేరు స్టిక్కులకు పంచేస్తుంది. ఆ పంపకం లెక్క ఒక్కో తరం ప్రాసెసర్‌కు ఒక్కో రకం. దాన్ని వెనక్కి నడిపి చానల్, స్లాట్ దాకా రావాలి. అక్కడితోనూ అయిపోదు. సర్వర్ మూత తీసి నిలబడిన మనిషికి కనిపించేది మదర్‌బోర్డు మీద అచ్చువేసిన ‘డిమ్ ఏ1’ లాంటి పేరు. ఆ పేరు కెర్నల్‌కు నమ్మకంగా తెలిసే దారి సాధారణంగా లేదు, అది బోర్డు తయారుచేసినవాళ్ళ ఇష్టం.

ఈ దారంతా నడిపించే ఉపవ్యవస్థ పేరు ఈడాక్. కెర్నల్ బయట బ్లూస్మోక్ అనే పేరుతో పెరిగి, 2006లో 2.6.16 విడుదలతో లోపలికి వచ్చింది. మొదట్లో అది మెమరీని చిప్ సెలెక్ట్ వరుసలు, చానళ్ళు అనే పట్టికగా చూసేది. అప్పటి కంట్రోలర్లకు అది సరిపోయింది. తర్వాత వచ్చిన కంట్రోలర్లలో కొన్ని ఆ వరుసల్ని బయటికి చూపించనే లేదు. డ్రైవర్లు రాసేవాళ్ళు లేని వరుసల్ని ఉన్నట్టు కల్పించి పట్టికలో ఇరికించాల్సి వచ్చింది. లాగ్‌లో వరుస నంబరు ఉంటుంది, బోర్డు మీద అలాంటి వరుసే ఉండదు.

2012లో మౌరో కార్వాల్యో షెహాబ్ ఈ పునాదిని తిరగరాశారు. పట్టిక పోయి అంతరాలు, అంటే లేయర్లు, వచ్చాయి. ఒక్కో డ్రైవర్ తన హార్డ్‌వేర్‌కు తగ్గట్టు బ్రాంచి, చానల్, స్లాట్, చిప్ సెలెక్ట్ వంటి వాటిలో మూడింటి దాకా తనే ఎంచుకుంటుంది. లెక్కకు ఆధారం డిమ్, అంటే మనిషి చేత్తో పట్టుకోగల వస్తువు. తప్పు జరిగినప్పుడు డ్రైవర్ ఒకే ఒక్క ఫంక్షన్‌ను పిలిచి, ప్రతి అంతరంలో స్థానం చెబుతుంది. స్థానం తెలియకపోతే మైనస్ ఒకటి ఇస్తుంది. నా దృష్టిలో మొత్తం పనితనం ఆ మైనస్ ఒకటిలో ఉంది.

చానల్ తెలిసి స్లాట్ తెలియలేదనుకుందాం. ఈడాక్ ఊహించదు, అలాగని చేతులూ ఎత్తేయదు. తెలిసిన అంతరాలతో సరిపోలే డిమ్‌లన్నిటినీ ఏరి, వాటి పేర్లను ‘లేదా’తో కలిపి రాస్తుంది: డిమ్ ఏ1 లేదా డిమ్ ఏ2. ఖాళీ స్లాట్లను వదిలేస్తుంది, లేని స్టిక్కును అనుమానించడం దండగ కదా! ఏ అంతరమూ తెలియకపోతే ఏ మెమరీ అయినా కావచ్చునని ఒప్పుకుంటుంది. దాంతోపాటు గ్రెయిన్ అనే అంకె ఒకటి వేస్తుంది. చెప్పిన చిరునామా ఎన్ని బైట్ల మేరకు నమ్మదగిందో దాని అర్థం. అనుమానితుల్లో గ్రెయిన్‌లు వేర్వేరుగా ఉంటే పెద్దదాన్నే తీసుకుంటుంది. ఉన్నదానికంటే కచ్చితంగా కనిపించాలనే ఆశ ఎక్కడా లేదు.

ఇంకో చోట చూడండి. డ్రైవర్‌లోనే లోపం ఉండి, నాలుగే స్లాట్లున్న చానల్లో ఏడో స్లాట్ అని చెప్పిందనుకుందాం. ఇలాంటప్పుడు తప్పుడు విలువ అని లాగ్‌లో తిట్టిపోసి వెనక్కి వచ్చేయడం చాలా కోడ్‌లలో చూస్తాం. ఇక్కడ అంతర్గత దోషమని రాసి, ఆ ఒక్క అంతరాన్నే మైనస్ ఒకటిగా మార్చి, మిగతాది పట్టుకుని ముందుకు పోతుంది. డ్రైవర్ తప్పు చేసినంత మాత్రాన మెమరీలో తప్పు జరగనట్టు కాదుగా. చెడిన యంత్రంలో నడిచే కోడ్‌కు ఈ పట్టుదల ఉండాలి.

స్టిక్కు పేర్ల సంగతి మాత్రం కెర్నల్ నెత్తిన వేసుకోలేదు. ప్రతి డిమ్‌కూ సిస్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే కెర్నల్ తన సమాచారాన్ని ఫైళ్ళుగా చూపే చోట, రాయదగిన లేబుల్ ఫైలు ఒకటి పెట్టి వదిలేసింది. ఏ బోర్డుకు ఏ పేర్లో బయటి ఉపకరణాలు పట్టిక చూసి నింపుతాయి. పట్టికలో లేని బోర్డుకు నిర్వాహకుడే నింపుకోవాలి. చాలామంది నింపరు, తర్వాత కెర్నల్‌ను తిడతారు.

ఇంతవరకూ చెప్పడం గురించి. చెప్పకుండా ఉండటం కూడా 2017లో, 4.12 విడుదలతో, కెర్నల్‌లో భాగమైంది. బోరిస్లావ్ పెట్కోవ్ రాసిన ఆ చిన్న భాగం పేరు సీఈసీ, అంటే దిద్దిన తప్పులను సేకరించేది. సీఈ వచ్చిన ప్రతిసారీ లాగ్‌లో అరవకుండా, ఏ పేజీలో, అంటే ఏ 4096 బైట్ల మెమరీ ముక్కలో, వచ్చిందో గుర్తుపెట్టుకుంటుంది. ఒకే పేజీలో పదేపదే వస్తే ఆ పేజీలో ఉన్నదాన్ని వేరే చోటికి తరలించి, దాన్ని వాడకం నుంచి తప్పిస్తుంది.

దీని జ్ఞాపకమంతా ఒక్క 4096 బైట్ల పేజీ, 512 గళ్ళు. ఒక్కో గడి 64 బిట్లు. పేజీ 4096 బైట్లు గనక పేజీని గుర్తించడానికి చిరునామాలో కింది 12 బిట్లు అక్కర్లేదు. ఆ ఖాళీలోనే లెక్కంతా సర్దారు: కింది 10 బిట్లలో ఎన్నిసార్లు తప్పిందో, పై 2 బిట్లలో ఆ నమోదు ఎంత తాజాదో. తప్పు వచ్చినప్పుడు తాజాదనం మూడుకు చేరుతుంది. రోజుకొకసారి, లేదా కొత్త నమోదులు ఎక్కువైనప్పుడు, అన్నిటి తాజాదనమూ ఒక మెట్టు దిగుతుంది. గళ్ళన్నీ నిండితే, 12 బిట్లనూ కలిపి ఒకే అంకెగా చదివి, అన్నిటికంటే చిన్నదాన్ని కొట్టేస్తుంది. తాజాదనం పై బిట్లలో ఉంది కాబట్టి ఒక్క పోలికతోనే పాతదా కొత్తదా అన్నది ముందు, ఎన్నిసార్లన్నది తర్వాత తేలిపోతుంది. చిట్టా పేజీ నిండిన కిరాణా కొట్టతను ఎప్పుడో పెట్టిన పాత చిన్న బాకీని ముందు కొట్టేస్తాడే, అదే పద్ధతి.

నాకు ఇందులో ఒక అభ్యంతరం ఉంది. సీఈసీ అందుకున్న తప్పును ఈడాక్ డ్రైవర్లు మళ్ళీ చెప్పవు. లాగ్ ప్రశాంతంగా ఉంటుంది, కానీ ఒకే స్టిక్కులో పేజీలు ఒక్కొక్కటిగా పోతున్నా దాని పేరు లాగ్‌లోకి ఎక్కదు. వందల సర్వర్లు చూసుకునే నిర్వాహకుడికి ఆ పేరే ముఖ్యం. ఆ సంగతి రాసినవాళ్ళకూ తెలుసు, బూట్ చేసేటప్పుడే సీఈసీని ఆపేసే పారామీటర్ పెట్టారు. అయినా మౌనం వెనక పేజీల జాబితాతోపాటు స్టిక్కు పేరు కూడా ఎక్కడైనా దొరికితే బాగుండేది.

మొదట్లో పేజీని తప్పించే హద్దు 1023, అంటే 10 బిట్లలో పట్టే గరిష్ఠం. 2022లో ఇంటెల్ యంత్రాల మీద దాన్ని 2కి దించారు. డేటా సెంటర్లలో జరిపిన పెద్ద పరిశీలనలో, తప్పిన పేజీలను ఆలస్యం చేయకుండా తీసేయడమే దిద్దలేని తప్పుల నుంచి కాపాడుతుందని తేలడం దానికి కారణం. గళ్ళ అమరిక, తాజాదనం బిట్లు, ఆ ఒక్క పోలిక, ఏదీ కదల్చాల్సిన పని పడలేదు. మారింది ఒక అంకె. అది ఎక్కువనిపించినా తక్కువనిపించినా నడుస్తున్న యంత్రంలోనే, డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోని ఫైలులో, నిర్వాహకుడు తనకు తోచింది రాసుకోవచ్చు.