చెల్లెలికి చెప్పని దేశం

ఈమధ్య పీజీ క్లాసులో గురజాడ ‘దేశభక్తి’ గేయం చెబుతుంటే ఒక విద్యార్థిని లేచి, “మేడమ్, ఈయన మొత్తం అన్నకే చెబుతున్నాడు కదా, మరి చెల్లెలికి ఎవరు చెబుతారు?” అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో ఆ గేయం మీద ఒక అధ్యాయమే ఉంది. అందులో ఆ ‘అన్న’ను వాడుకలో ఉన్న సంబోధన అని ఒక్క వాక్యంతో దాటేశాను. మా గైడుగారు అడగలేదు, వైవాలోనూ ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

గురజాడను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. చుట్టూ దేశాన్ని తల్లిగా, దేవతగా కొలుస్తున్న కాలంలో, 1910లో, ఆయన దేశభక్తిని నేల మీంచి మనుషుల మీదికి మళ్ళించాడు. తిండి గురించి, ఒంట్లో సత్తువ గురించి, పక్కవాడికి సాయపడడం గురించి మాట్లాడాడు. అయితే అదే గురజాడ పూర్ణమ్మ కథ కూడా రాశాడు. డబ్బుకు ఆశపడి తల్లిదండ్రులు ముసలివాడికి కట్టబెట్టిన ఆ పిల్ల, అన్నదమ్ములకు అప్పగింతలు చెప్పి, పూలు పట్టుకుని దుర్గ కొలనుకు వెళ్ళి మళ్ళీ తిరిగి రాదు. ఈ రెండు గేయాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, దేశాన్ని ప్రేమించమని చెప్పించుకుంటున్న అన్నా, చెల్లెలు వెళ్ళిపోతుంటే గుమ్మంలో నిలబడ్డ అన్నా ఒకడేనేమో అనిపిస్తుంది. కవికి రెండూ తెలుసు. ఒకదాన్ని ‘జాతీయత’ అనీ, ఇంకొకదాన్ని ‘సంఘ సంస్కరణ’ అనీ వేరు గదుల్లో సర్దింది మాత్రం మా విమర్శకులమే.

శంకరంబాడి సుందరాచారి ‘మా తెలుగు తల్లికి’ గీతంలో స్త్రీలు లేరని అనలేం. అసలు ఆ జాతి రూపమే తల్లి. రుద్రమ్మ ఉంది, మల్లమ్మ ఉంది. కానీ రుద్రమ్మకు భుజబలం ఇచ్చిన చెయ్యే మల్లమ్మకు పతిభక్తి ఇచ్చింది. తిమ్మరుసుకు బుద్ధి, కృష్ణరాయలకు కీర్తి. ఆ వరసలో ఎవరికీ భార్య మీద భక్తి అవసరం పడలేదు! చిన్నప్పుడు స్కూల్లో రోజూ పాడిన పాటే. ఆ మాట దగ్గర నా గొంతు ఒక్కసారి కూడా ఆగలేదు.

ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ (1991) ఈ ‘మా’ అన్న మాటనే నిలదీసింది. పుట్టకముందే ద్రోహుల జాబితాకెక్కిన మనిషి, క్రికెట్ మ్యాచ్ జరిగిన ప్రతిసారీ తన దేశభక్తిని తూకం వేయించుకోవాల్సిన మనిషి మాట్లాడే కావ్యం అది. దాని తర్వాత షాజహానా ‘నఖాబ్’ (2005) తీస్తే, నిలదీత రెండు గుమ్మాల దగ్గర జరుగుతుందని తెలుస్తుంది. బయట ముస్లింగా అనుమానం, లోపల ఆడదానిగా ఆంక్ష. బయటివాళ్ళ సానుభూతి కోసం ఇంటివాళ్ళను అప్పగించదు, ఇంటివాళ్ళ పరువు కోసం నోరు మూసుకోదు. మన విమర్శ ఇలాంటి కవయిత్రిని ‘మైనారిటీ’లోనో ‘స్త్రీవాదం’లోనో పెట్టి ఊరుకుంటుంది గానీ, దేశం గురించి రాసిన కవిగా ఎందుకు చదవదు?

ఈ మాట స్త్రీవాదులుగా మనమూ వేసుకోవాలి. జయప్రభ పైటను తగలెయ్యాలన్నప్పుడు మనలో చాలామందికి ఊపిరి ఆడింది. జూపాక సుభద్ర కొంగు గురించి రాసినప్పుడు అది ఒంటికి కాపలా బట్ట కాదనీ, చేనులో పనికి తోడనీ తెలిసింది. ఒకే చీర చెంగు ఒకరికి సంకెల, ఇంకొకరికి పనిముట్టు. ‘మనం’ అన్న మాట దేశానికే కాదు, మన ఉద్యమానికీ అంత తేలిగ్గా అతకలేదు.

ఇక నా సంగతి. పుట్టిల్లు కర్నూలు, అత్తిల్లు హన్మకొండ. ఆడపిల్ల అంటే ‘ఆడ’ పిల్లే, ‘ఈడ’ పిల్ల కాదని మా నాయనమ్మ అనేది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ సామెతకు సరిహద్దు కూడా వచ్చింది. “మీరు ఇక్కడివాళ్ళేనా?” అని ఇక్కడ అడుగుతారు. “ఇప్పుడు నువ్వు అక్కడిదానివే కదా” అని అక్కడ అంటారు. తెలంగాణ ఉద్యమం అడిగిన న్యాయం మీద నాకు అనుమానం లేదు. 2024లో ‘జయ జయహే తెలంగాణ’ రాష్ట్ర గీతమైనప్పుడు మా అత్తగారి కళ్ళల్లో నీళ్ళు చూశాను, అవి నాకు అర్థమయ్యాయి. అదే ఏడాది డిసెంబరులో తెలంగాణ తల్లి విగ్రహానికి కిరీటం ఉండాలా వద్దా అని వాదనలు జరుగుతుంటే మాత్రం, తల్లి ఎలా ఉండాలో తేల్చడానికి ఇంతమంది ఉన్నారే, కూతురు ఎక్కడిదో చెప్పడానికి ఒక్కరూ లేరే అనుకున్నాను.

నా సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా వేద్దామని ఇప్పుడు తిరగరాస్తున్నాను. దేశభక్తి అధ్యాయంలోకి పూర్ణమ్మను తీసుకొచ్చాను. ‘నఖాబ్’ కూడా అక్కడికే వచ్చింది. ఆ ‘అన్న’ గురించి రాసిన ఒక్క వాక్యాన్ని కొట్టేసి, దాని స్థానంలో క్లాసులో విన్న ప్రశ్నను పెట్టాను. జవాబు ఇంకా రాయలేదు.