నోట్సు బాగుంది, చదువే రాలేదు

మూడో తరగతి పిల్లాడి తెలుగు నోట్సు తెరవండి. ముత్యాల్లాంటి అక్షరాలు, పక్కన ఎర్ర సిరా టిక్కు, టీచరు పొట్టి సంతకం, తేదీ. అదే పేజీ చదవరా అంటే మొదటి ఒత్తక్షరం దగ్గరే నీళ్లు నములుతాడు. బోర్డు మీద ఉన్నది బొమ్మలా దించాడు, అంతే. టీచరుగా పనిచేసినవాణ్ణి కాబట్టి నాకిది వింతేం కాదు. తనిఖీకి వచ్చేవాళ్లు ముందడిగేవి నోట్సులే. దిద్దుబాటు పూర్తయితే బడి బాగున్నట్టు లెక్క.

చదవడం నేర్పాలంటే పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవాలి. వాడు అక్షరం మీద వేలు పెట్టి 'పు... పుస... పుస్త...' అని కూడబలుక్కుంటుంటే నోరు మూసుకుని ఆగాలి. మనం అందించేస్తే వాడికి ఎప్పటికీ రాదు. (ఆగడమే కష్టం, టీచర్లకు మరీను.) తలకి 5 నిమిషాలనుకున్నా 20 మందికి 100 నిమిషాలు. అయిదు తరగతులకూ ఒక్కడే అయ్యవారైతే ఆ 100 నిమిషాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికైనా ఇద్దరు టీచర్లుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పెద్ద నియామకం 2025లో గానీ జరగలేదు. అప్పుడు భర్తీకి పెట్టిన పోస్టులు 16,347. 2018లో ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఈలోగా ఎనిమిదికి వచ్చేసింది. ఆ మధ్య మరుగుదొడ్ల ఫోటోలు యాప్‌లో ఎక్కించే పని కూడా ఆ ఉన్న కొద్దిమంది టీచర్ల నెత్తినే పడింది. కాబట్టి మొదటి తప్పు పోస్టులు ఖాళీగా ఉంచిన ప్రభుత్వాలదే, పార్టీ ఏదైనా.

అలాగని మా వాళ్లను వదిలేయను. ముప్ఫై మందికి ఇద్దరున్న బడిలో కూడా పిల్లలకు చదవడం రాకపోతే అది టీచర్ల తప్పే. సొంత పిల్లల్ని ప్రైవేటు బడికి పంపి, ఇక్కడ 'వీళ్లకింతే వస్తుంది' అనేవాళ్లను స్టాఫ్‌రూముల్లో చాలామందిని చూశాను.

పిల్లలకు చదవడం వచ్చో రాదో తెలుసుకోడానికి 2005 నుంచి 'అసర్' సర్వేవాళ్లు చేసేది చాలా చిన్న పని. ఇంటికొచ్చి, రెండో తరగతి స్థాయి పేరా ఇచ్చి, బిడ్డ చేత చదివిస్తారు. మీ బిడ్డతో అది మీరూ చేయొచ్చు. పాఠంలో లేని పేరా చదివించండి. రాకపోతే తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో హెడ్మాస్టర్ని అడగండి. బడిలో పోస్టు ఖాళీగా ఉందంటే ఎమ్మెల్యేని నిలదీయండి.